ఊ కొట్టేవాడు ఉంటేనే బ్లాగు

బ్లాగంటే ఏమిటో నాకే సరిగ్గా తెలియని రోజుల్లో, దాన్ని నలుగురి చేత రాయించే పని నా నెత్తిన పడింది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. అనంతపురంలో కాలేజీల దగ్గర మా అన్నకు ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క నేను అక్కడ కౌంటర్లో కూర్చునేదాన్ని. సాయంత్రమైతే కుర్రాళ్లు బిలబిలమంటూ వచ్చి తుపాకుల ఆట ఆడేవాళ్లు. వాళ్ల అరుపులు వినీ వినీ నేనూ నేర్చుకున్నాను. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, బాగానే ఆడేదాన్ని.

రాప్తాడు అబ్బాయి ఒకడు మా సెంటర్లోనే ఆడి ఆడి, ఎలాగో ఇంజనీరింగ్ గట్టెక్కి, బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. చేరాక మా ఆటగాళ్ల కోసం ఒక సైటు పెట్టాడు. ఎవరు గెలిచారు, ఎవరు దొంగాట ఆడారు, ఆదివారం ఎవరెవరికి పోటీ, అన్నీ అందులోనే. జిల్లాలో నెట్ సెంటర్ ఉన్న ప్రతి ఊరి నుంచీ సభ్యులు చేరారు. తగువులు తీర్చే పెద్దరికం నాకిచ్చాడు. ఇంట్లో నా మాట పిల్లి కూడా వినేది కాదు. సైట్లో మాత్రం "ఇద్దరూ నోరు మూసుకోండి" అని రాస్తే ఇద్దరూ మూసుకునేవాళ్లు. ఆ సుఖం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అలాంటి సైటు రానురాను చల్లబడింది. స్కోర్లు చూసుకుని పోవడమే తప్ప ఎవరూ నిలవడం లేదు. ఒకరోజు రాప్తాడు అబ్బాయి ఫోన్ చేశాడు.

"అక్కా, ఎవురూ రాని దానికి నేనేమిటికి చాకిరీ చేయల్ల? బ్లాగుల పేజీ ఒగటి పెట్టినా. మనోళ్లతో రాయించు. ఉగాది లోపల జనం వస్తే సరి, లేదంటే మూసేస్తా."

"మూసేస్తావా? నీ అబ్బ సొమ్మా?" అన్నాను. నిజానికి వాడి సొమ్మే. ఫోన్ పెట్టేశాక మాత్రం కౌంటర్ మీద తల వాల్చేశాను. ఆ సైటు పోతే నేను మళ్లీ ఒట్టి కౌంటర్లో మనిషినే కదా అని ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి వచ్చినవాణ్ణి వచ్చినట్టు పట్టుకున్నాను. బతిమాలాను, తిట్టాను, రాసినవాడికి ఫ్యాను కింది సిస్టం ఇస్తానని ఆశ పెట్టాను. మా ఊరి ఎండల్లో ఫ్యాను కింద చోటంటే మాటలా!

"ఏం రాయల్లక్కా?" అనేవాళ్లు.

"ఆటలో నీకేమైందో అది రాయప్పా" అనేదాన్ని.

మొదటి బ్లాగు ఉరవకొండ కుర్రాడిది. వాడు రోజూ బస్సులో డిగ్రీ చదవడానికి వచ్చి, ఆఖరి బస్సు దాకా మా దగ్గరే ఉండేవాడు. ఎంతో ఆశగా తెరిచాను.

"గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కరించి వ్రాయునది ఏమనగా, నిన్న సాయంత్రం నేను శత్రువుల చేత చంపబడితిని. కావున దయయుంచి నన్ను తిరిగి జట్టులో చేర్చుకొనవలసినదిగా ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు."

సెలవు చీటీ! వాణ్ణని ఏం లాభం? బళ్లో మేమంతా సొంతంగా రాసింది సెలవు చీటీలే. మిగిలినవాళ్లు అదే పద్ధతి కాబోలనుకుని అచ్చం అలాగే దింపారు. ఒకడైతే చివర తండ్రి సంతకానికి చోటు కూడా వదిలాడు. కడుపు పట్టుకుని నవ్వాను, ఆ తర్వాత తల పట్టుకున్నాను. వాటిని చదివే దిక్కు లేదు. ఉగాది చూస్తే ముంచుకొస్తోంది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఎండలు మొదలైతే మాకది మామూలే. అందరూ బయట మెట్ల మీద చేరి వేయించిన శెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఉరవకొండ కుర్రాడు తన ఆట చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ గోడెనక నక్కినానా..."

"ఊ" అన్నాడు పక్కవాడు.

"తుపాకిలో ఒగటే గుండు ఉండాది."

"ఊ."

"ఆ ఇల్లు మా మిద్దె మాదిరే ఉండాది. మెట్లెక్కితే యాడికి పోతానో నాకు తెల్దా? పైకి పోయి చూస్తే, ఈ నాకొడుకు నాకంటే ముందే ఆడ కూచోనుండాడు!"

దారిన పోయే ఆటో ఆయన బండి ఆపేశాడు. "మల్లేమాయప్పా?" అన్నాడు. ఆటలో ఓనమాలు తెలియని మనిషి!

అప్పుడు తట్టింది నాకు. మా ఇళ్లల్లో కథ చెప్పాలంటే ఊ కొట్టేవాడు ఉండి తీరాలి. ఊ ఆగితే మా అవ్వ కూడా కథ ఆపేసి దుప్పటి కప్పుకునేది. ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి చెప్పమంటే వీళ్లకు సెలవు చీటీ తప్ప ఏమొస్తుంది?

కరెంటు రాగానే అందరూ లోపలికి ఉరికారు. నేను ఉరవకొండవాడి చొక్కా పట్టుకున్నాను.

"నువ్వు చెప్పు, నేను టైపు కొడతా. వాడు ఊ కొడతాడు."

మొదలుపెట్టడమైతే పెట్టాడు గానీ, తెర మీద తన మాటలు కనబడేసరికి బిగుసుకుపోయి "పిమ్మట నేను..." అన్నాడు.

"పిమ్మటా లేదు, గిమ్మటా లేదు. అట్ల తిరుగు" అని వాణ్ణి వీధి వైపు తిప్పి కూర్చోబెట్టాను.

"అక్కా, మన మాటలు ఇట్లనే పెట్టేస్తావా? నగుతారు."

"నగనీప్పా. మంచిదే కదా!"

మంచి పట్టులో ఉండగా ఆఖరి బస్సు వేళయింది. వాడు పరుగు తీశాడు. నేను అంతవరకే సైట్లో పెట్టేశాను. పొద్దున చూస్తే దాని కింద వరసగా ఊలే. "ఊ." "ఊ, మల్ల?" "రేయ్, సగంలో యాడికి పోయినావురా?" నేను కౌంటర్ వెనకాలే ఎగిరి గంతేశాను. మా అన్న నాకు వడదెబ్బ తగిలిందేమోనని మంచినీళ్లు తెచ్చాడు.

ఇక చూడాలి ఆ సంబరం. ప్రతివాడూ ఊ కొట్టే మనిషిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఆటో ఆయన సాయంత్రాలు మా మెట్ల దగ్గరే బండి నిలిపేవాడు. ఆయన ఊ కొడితే కథ బాగా సాగుతుందని ఆయన కోసం కొట్టుకునేవాళ్లు. ఉరవకొండవాడు మాత్రం రోజూ సరిగ్గా గుండె జల్లుమనే చోట ఆపి బస్సెక్కేవాడు.

ఉగాది ముందురోజు సాయంత్రం సైటు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. తెల్లటి తెర. కుర్రాళ్లందరూ నా చుట్టూ మూగారు. "మూసేసినాడక్కా" అన్నాడొకడు. రాప్తాడు అబ్బాయి పండక్కి ఇంటికొచ్చి ఉంటాడని వాళ్లింటికి ఫోన్ చేశాను. వాడు హలో అనేలోపే తిట్లందుకున్నాను.

"అక్కా, ఆగక్కా! మూయలేదు. ఇంతమంది ఎగబడితే తట్టుకోలేక పడిపోయినాది. సరిచేస్తాండా."

"అయితే మూయవా?"

"మూస్తే మాయమ్మ నన్ను ఇంట్లో ఉండనిస్తాదా?"

అంతలో ఫోన్ వాళ్లమ్మ లాక్కుంది. "ఏమ్మా, ఆ ఉరవకొండ పిల్లోడు ఆడుండాడా? తలుపు తోసినా అని చెప్పి నిన్న ఆపేసినాడు. మావోడు చదివి చెప్పినప్పటినుంచి నాకదే యోచన. ఓలిగలకు పూర్ణం రుబ్బుతాండా గానీ మనసంతా ఆ తలుపు కాడనే ఉండాది. లోపల ఎవురుండారో ముందు అది చెప్పమను."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోన్ ఉరవకొండవాడి చేతికిచ్చాను. వాడు గొంతు సవరించుకున్నాడు. ఆటలు ఆపి అందరూ వాడి చుట్టూ చేరారు. ఆయమ్మ అడిగే ప్రశ్నలకు బదులిస్తూ వాడు కథ ముగించేసరికి ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ఉరవకొండకు ఫోన్ చేసి కబురు చెప్పాం. ఆ ఉగాదికి వాడు పచ్చడి మా ఇంట్లోనే తిన్నాడు.