శామీర్‌పేటలో పద్దెనిమిది గుంతలు

ఉదయం ఆరుంబావుకు యాప్రాల్‌లో ఇంట్లోంచి బయల్దేరుతుంటే మా ఆవిడ సుగుణ టిఫిన్ డబ్బా చేతికిచ్చి, "ఇరవై ఏడేండ్లు ఆ గడ్డి మీదనే తిరిగి కాళ్ళు అరగ్గొట్టుకున్నవ్. ఇంకేం మిగిలిందని పోతున్నవ్?" అని అడిగింది.

మిగిలింది ఆటే. కంటోన్మెంటు వైపు ఒక గోల్ఫ్ క్లబ్బులో వెయిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. తొమ్మిదో గుంత పక్కన ఉన్న షెడ్డుకు టీలూ నిమ్మరసాలూ మోయడం నా పని. ఎవరు ఎప్పుడు ఏ కర్ర తీస్తారో, ఏ గాలికి బంతి ఎటు పోతుందో అంతా నాకు కంఠతా వచ్చు. కర్ర మాత్రం ఒక్కసారీ పట్టలేదు. పనివాళ్ళు పట్టకూడదని అక్కడ రూలు. శామీర్‌పేట అవతల, టికెట్టు కొన్న ఎవరైనా ఆడుకోగలిగిన మైదానం తెరిచారని విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎవరో పారేసిన విరిగిన కర్రతో మా కాలనీ వెనక ఖాళీ ప్లాట్లలో ఆర్నెల్లు సాధన చేశాను. పద్దెనిమిది గుంతలూ ఒక్కసారి, నా కాళ్ళతో నడిచి, నేనే ఆడి రావాలి. మోకాళ్ళ సంగతి చూస్తే రెండోసారి కుదిరేలా లేదు. డాక్టరూ అదే మాటన్నాడు.

షేర్ ఆటోలో లోతుకుంట చేరేసరికి ఏడు. శామీర్‌పేట బస్సు వచ్చేసరికి ఏడూ ఇరవై. మీరెవరైనా వెళ్ళదలిస్తే ఒక మాట చెప్తాను, హకీంపేట దాటేదాకా సీటు మీద ఆశ పెట్టుకోకండి. తూంకుంటలో నా ఎదుటే ఒక సీటు ఖాళీ అయింది. కూర్చోబోతుంటే వెనకనుంచి ఒకాయన సంచీ విసిరాడు. నేను జరిగాను. ఆయన తీరిగ్గా కూర్చుని, "కూసుంటుంటివా పెద్దాయనా?" అన్నాడు.

"పర్వాలేదు, నిలబడ్త" అన్నాను. మోకాలు అప్పటికే సలుపుతోంది.

ఎనిమిదికి శామీర్‌పేటలో దిగి రెండు ఇడ్లీలు తిని, మేడ్చల్ వైపు పోయే ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్నాయన ప్లాట్ల బ్రోకరు. "ప్లాటు సూడనీకొచ్చినవా కాకా?" అని అడిగాడు.

"కాదు. గోల్ఫ్ ఆడనీకి పోతున్న."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఆడ మాలి పని దొరికిందా?" అన్నాడు. ఒళ్ళు మండింది. ఇస్త్రీ కొట్టించుకున్న చొక్కా వృథా అయిందనుకున్నాను.

మైదానం గేటు దగ్గర టికెట్టు ఇచ్చే అబ్బాయి ముందే చెప్పాడు: "రెండు గంటలకు కంపెనీ వాళ్ళ పోటీ ఉంది సార్. గంట కొడ్తం. అప్పటికి అందరు బయటికి రావాలె." టైము ఎనిమిది నలభై. నడిచి ఆడినా నాలుగున్నర గంటల్లో అయిపోవాలి. అద్దెకు తీసుకున్న కర్రల సంచీని రావల్కోల్ నుంచి వచ్చే యాదమ్మ భుజాన వేసుకుంది. నా ఈడు మనిషే. పొద్దున గడ్డి కోస్తుంది, సంచీ మోసేవాళ్ళు తక్కువైతే మోస్తుంది.

మొదటి దెబ్బకు బంతి లేచింది! ఎక్కువ దూరం పోలేదు, కానీ తిన్నగా పోయింది. "అబ్బో, మస్తు కొట్టినవ్ సారు" అంది యాదమ్మ. నేను మైదానాల్లో తిరిగినన్నాళ్ళూ ఆ మాట నేను అనేదే కానీ నన్నెవరూ అన్నది కాదు. సంతోషంతో రెండో దెబ్బకు నేలను కొట్టాను.

ఈ ఆటలో ఒక మర్యాద ఉంది. వెనక వేగంగా ఆడేవాళ్ళు వస్తే, నెమ్మదిగా ఆడేవాళ్ళు పక్కకు తప్పుకుని దారివ్వాలి. వాళ్ళు అడిగితే ఇవ్వాలి. నేను అడక్కముందే ఇచ్చాను. రెండో గుంత దగ్గర నలుగురికి, మూడో దగ్గర ఇద్దరికి. అయిదో గుంత దగ్గర బ్యాటరీ బండి ఆపుకుని ఫోన్లో మాట్లాడుకుంటున్న ఒకాయనకి కూడా చెయ్యూపి, "మీరు పొండి సార్" అన్నాను. ఆయనకి తొందరేమీ లేదు పాపం, పిలిచానని వచ్చి ఆడాడు. ఎవరు వచ్చినా నా కాళ్ళు వాటంతటవే పక్కకు పోతున్నాయి. యాదమ్మ సంచీ దించడం, ఎత్తడం, మళ్ళీ దించడం.

తొమ్మిదో గుంత దగ్గరికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. ఎండ నెత్తి మాడుస్తోంది. అక్కడా ఒక టీ షెడ్డు ఉంది. నేను దారిచ్చిన నలుగురు ఆట ముగించుకుని వచ్చి అక్కడ కూర్చుని ఫలహారాలు చేస్తున్నారు. నాకు ఒక టీ చెప్పుకుందామని వెళ్ళాను. బల్ల మీద ట్రేలో నాలుగు కప్పులు పోసి ఉన్నాయి, తీసుకెళ్ళే మనిషి లేడు. టీ చల్లారిపోతుంది కదా! నా చేతులు ట్రే ఎత్తాయి. నలుగురికీ అందించాను. వాళ్ళలో ఒకాయన తలెత్తకుండానే, "భయ్యా, జర చక్కెర" అన్నాడు. తీసుకెళ్ళి ఇచ్చాను. చెంచా కూడా ఇచ్చాను.

తిరిగి వచ్చేసరికి యాదమ్మ సంచీ కింద పెట్టి నిలబడి ఉంది. "ఏంది సారు, నువ్వు ఆడనీకొచ్చినవా, అందియ్యనీకొచ్చినవా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"పొద్దటి సంది వచ్చినోళ్ళందరికి దారిచ్చినవ్. నువ్వు టికెట్ కొనలేదా? ఇంక తొమ్మిది గుంతలున్నయి, రెండు గంటలే ఉన్నది. ఇంటికి పోదామంటే చెప్పు, పోదం. నాకు పోయేదేం లేదు" అంది. తర్వాత నా మొహం చూసి కొంచెం తగ్గింది. "సద్ది తెచ్చుకున్నవ్ గదా, తిను జల్దీ."

నిలబడే నాలుగు ముద్దలు తిన్నాను, ఆమెకూ పెట్టాను. ఆ తర్వాత ఆడిన గుంతల గురించి గొప్పగా రాయడానికేమీ లేదు. రాళ్ళ మధ్య రెండు బంతులు పోయాయి, పన్నెండో దగ్గర చెరువు గట్టు ఎక్కలేక కూలబడ్డాను. యాదమ్మ కర్ర చాపితే పట్టుకుని లేచాను. పాదాలు బొబ్బలెక్కాయి. అయినా ఆగలేదు. వెనక ఎవరూ రాకపోవడం నా అదృష్టం.

ఆ అదృష్టం పదిహేడో గుంత దగ్గర అయిపోయింది. ఒంటి గంటా ముప్పై ఐదు. బ్యాటరీ బండిలో ఇద్దరు వచ్చి ఆగారు. "అంకుల్, జర సైడ్ ఇస్తరా? గంట కొట్టేస్తరు" అన్నాడు ఒకాయన, మర్యాదగానే.

నా ఎడమ కాలు అప్పటికే పక్కకు పోయింది. యాదమ్మ సంచీ భుజాన్నే ఉంచుకుని, దించకుండా, నన్నే చూస్తోంది.

కాలు వెనక్కి తీసుకున్నాను. "ఆగండి సార్" అన్నాను. "నేను ఆడుతున్న."

"మీరు మస్తు స్లో ఉన్నరు కదా."

"ఉన్న. అయినా ముందు నేనే."

ఆయన ఏదో గొణిగాడు. నేను వినలేదు, బంతి వైపు తిరిగాను. ఎనిమిది దెబ్బలకు ఆ గుంత అయింది. పద్దెనిమిదో గుంతకు పదకొండు. ఆఖరి బంతి అంచు చుట్టూ తిరిగి లోపల పడి చప్పుడు చేసిన నిమిషానికి గంట కొట్టారు. వెనక ఉన్న ఇద్దరికీ పద్దెనిమిదోది దక్కలేదు. పాపం అనిపించాలి. అనిపించలేదు.

యాదమ్మ దెబ్బల లెక్క రాసిన కార్డు చూసి, "నూట యాభై ఒకటి" అంది. "శానా ఎక్కువనా సారు?"

"శానా ఎక్కువ." ఈ ఆటలో దెబ్బలు ఎంత తక్కువైతే అంత గొప్ప.

"కానియ్, అన్నీ నీయే గదా" అంటూ కార్డు నా చేతిలో పెట్టింది. అలాంటి కార్డుల్ని బల్లల మీంచి ఏరి ఎన్ని పారేశానో! ఆడినవాళ్ళు సంతకం పెట్టే చోట నా పేరు రాశాను. చెయ్యి అలిసిపోయి అక్షరాలు వంకరపోయాయి.

శామీర్‌పేటలో మూడింటికి బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు దొరికింది. చెప్పులు విప్పుకుని కళ్ళు మూసుకున్నాను. వెళ్ళేవాళ్ళకు ఇంకేం చెప్పను? నీళ్ళు తీసుకెళ్ళండి, మెత్తటి బూట్లు వేసుకోండి, మోకాళ్ళు బాగున్నప్పుడే వెళ్ళండి. తూంకుంటలో ఎవరో భుజం తట్టారు. రెండు సంచులతో ఒక నడివయసు మనిషి.

"కాకా, జర లేస్తవా? మస్తు దూరం పోవాలె."

"లేవ బిడ్డా. కాళ్ళు గుంజుతున్నయి. పొద్దటి సంది ఆడి వస్తున్న."

"ఏం ఆడినవ్?" అని నవ్వాడు.

జేబులోంచి కార్డు తీసి చూపించాను. అతను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. లోతుకుంట వచ్చేదాకా నేను ఆ సీట్లోంచి లేవలేదు.