లేని క్లచ్చి తొక్కిన రోజులు

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలం. నేను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సు తోలేటోణ్ణి. ఓనరు మీద నోరు పారేసుకోని బయటపడినా. అప్పుడే పత్తి యాపారం చేసే సావుకారొకాయన మద్రాసు నుంచి పాత అమెరికా కారు తెప్పిస్తే, దానికి డ్రైవరుగా కుదిరినా. కూచోని కిందికి చూస్తే క్లచ్చే లేదు. గేర్లు దానంతట అదే మార్చుకుంటాదంట. స్టీరింగు పక్కనున్న కడ్డీని 'డి' అనే అక్షరం కాడికి లాగితే చాలంట. నాకు వొళ్ళు మండింది. ఇరవై ఏండ్లు గేర్లేసిన చెయ్యి ఇది, దీన్ని ఒళ్ళో పెట్టుకోని కూచోవాల్నా?

రెండు దినాలకే సావుకారు అననే అన్నాడు. "క్లచ్చి లేదు, గేరు లేదు, దీనికి డ్రైవరెందుకప్పా? ఒక నెల చూసి నేనే తోలుకుంటా."

బస్సు ఓనరు కాడికి మళ్ళా పోయే మొగం లేదు, ఇంట్లో తినేవాళ్ళు ఆరుమంది.

ఆ పొద్దు నుంచి ఆ కారుకు గేర్లేసేది మొదలుపెట్టినా. మిట్టలెక్కేదానికి 'ఎల్' అని ఇంకో అక్షరం ఉండె. దాంట్లో బండి కదిలించి, ఇంజను గొంతు చించుకోని అరిచేదాకా పోనిచ్చి, అప్పుడు 'డి'కి లాగేటోణ్ణి. బర్రె అడ్డమొస్తే మళ్ళా 'ఎల్'. లాగిన ప్రతిసారీ ఎడమకాలితో ఉత్త నేలను గట్టిగా తొక్కేటోణ్ణి. "శానా మొండి బండి సావుకారూ" అని చెమట తుడుచుకుంటాంటి. ఆయన వెనక సీట్లో కూచోని నమ్మీ నమ్మనట్టు చూస్తాండె.

ఒకసారి పులివెందులకు పోతాంటే వాళ్ళమ్మ కూడా వచ్చింది. వెనక కూచుంటే వాంతులైతాయని ఆయమ్మను నా పక్కన కూచోబెట్టినారు. ఎర్రగుంట్ల రైలుగేటు పడింటే బండి ఆపినా. సావుకారు దిగి గేటుమ్యాన్‌తో వాదులాడను పోయినాడు. ముసలామె నా కాళ్ళకల్లా వంగి చూసింది.

"అబ్బీ, ఆడ ఏమీ లేదు కదా, ఏంది తొక్కుతాండావు?"

అబద్ధం చెప్పబోతే నాలుక తిరగలేదు.

"పని పోతాదని భయమవ్వా" అన్నా.

గేటు లేసింది. సావుకారు వచ్చి ఎక్కినాడు. సిగ్గుతో 'డి'లో పెట్టి వదిలేసినా, మళ్ళా కడ్డీ లాగలేదు, నేల తొక్కలేదు. కారు మాత్రం తొండూరు దాకా సుబ్బరంగా పోయింది.

వెనక నుంచి సావుకారు అందుకున్నాడు. "చూస్తివామ్మా, ఎంత సులువో. వచ్చే నెల నుంచి నేనే తోల్తా."

"నీవల్ల కాదులే నాయనా" అనింది ముసలామె, తల తిప్పకుండానే. "పొద్దున్నుంచి పక్కన కూచోని చూస్తాండా. దీన్ని తోలేది మామూలు కష్టం కాదు." మళ్ళా నా తట్టు తిరిగి, "మిట్టొచ్చె, తొక్కబ్బీ" అనింది.

రోడ్డు చదునుగా ఉండె. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. శక్తికొద్దీ తొక్కినా.