మిమ్మల్ని చంపమంటారా?

ఒడ్వార్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. అడగకుండా మనిషిని చంపడు.

అడగడమంటే నోటిమాటగా కాదు. హెస్ట్‌వోగ్ అనే చిన్న ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు టపా పంచినవాడు, సంతకం లేనిదే ఈ లోకంలో ఏ పనీ పూర్తికాదని గట్టిగా నమ్మినవాడు. అరవై మూడో ఏట రిటైరై డిటెక్టివ్ నవలలు రాయడం మొదలుపెట్టాక కూడా ఆ నమ్మకం సడలలేదు. నవలలో చచ్చేది ఎప్పుడూ ఊళ్ళో మనిషే, అదీ అసలు పేరుతోనే. అందుకని ముందుగా రెండు ప్రతుల్లో ఒక ఫారం టైపు చేసుకుని వాళ్ళింటికి వెళ్ళేవాడు. ఎలా పోవాలని ఉంది, విషం పెట్టాల్సి వస్తే ఒంటికి పడని పదార్థాలు ఏమైనా ఉన్నాయా, శవం దొరికేసరికి ఒంటిమీద ఏ చొక్కా ఉండాలి, అన్నీ అడిగి రాసుకుని సంతకం పెట్టించుకునేవాడు. మనిషి ఇంట్లో లేకపోతే, రిజిస్టర్డ్ ఉత్తరానికి పెట్టినట్టే తలుపుకి చీటీ పెట్టి వచ్చేవాడు: “మిమ్మల్ని చంపడానికి వచ్చాను. మీరు లేరు. రేపు పదింటికి మళ్ళీ వస్తాను.”

ఒకసారి పొయ్యి గొట్టాలు దులపడానికి పట్నం నుంచి వచ్చిన మనిషి ఆ చీటీ చూసి పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసాయన వచ్చాడు, చీటీ చదివాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు. భయపడాల్సిందేమీ లేదు, ఇది మా ఒడ్వార్ చేతిరాత అన్నాడు. ఆ సాయంత్రమే ఒడ్వార్ ఇంటికి వెళ్ళి, వీలైతే తనని కూడా ఎప్పుడైనా చంపమని అడిగాడట.

ఆ ఒక్కడేమిటి, ఊరు ఊరంతా చావడానికి సిద్ధంగా ఉండేది. ఆ దేశంలో ఈస్టర్ సెలవుల్లో హత్యల నవలలు చదవడం ఆనవాయితీ. కొండమీది గుడిసెకి బయల్దేరే ప్రతి సంచిలోనూ నారింజపళ్ళు, చాక్లెట్టు, ఒక హత్య ఉండి తీరాలి కదా. ఒడ్వార్ పుస్తకం ఏటా సరిగ్గా ఆ వేళకే వచ్చేది. అందులో పోయినవాళ్ళు పది రోజులపాటు దేశమంతా తెలిసిన మనుషులైపోయేవాళ్ళు.

అందరికంటే ఎక్కువగా చావాలని తపించింది బేకరీ బోర్గిల్. యాభై ఏడేళ్ళ మనిషి, మంచిదే, కాకపోతే కోపం ముక్కుమీదే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా తెల్లారి లేచి ఊరందరికీ రొట్టె కాల్చి పెడుతున్నాను, ఒక్కసారి ఊరంతా నా కోసం ఏడిస్తే వీళ్ళ సొమ్మేం పోయింది అన్నది ఆవిడ బాధ. ఐదేళ్ళుగా అడుగుతోంది. వేడివేడి దాల్చినచెక్క బన్నులు పెట్టి మరీ అడిగింది. పిండి కలిపే యంత్రంలో పడిపోతానని చావు కూడా తనే చూపించింది. ఒడ్వార్ బన్ను తినేవాడు, వేళ్ళు నాక్కునేవాడు, “నీకింకా టైం రాలేదమ్మా” అనేసి వెళ్ళిపోయేవాడు.

పోనీ గొప్పవాళ్ళని చంపాడా అంటే అదీ లేదు. మేయరు అడిగితే కాదన్నాడు. చర్చి గాయకబృందం నాయకురాలు అడిగితే కాదన్నాడు. నాలుగో పుస్తకంలో మాగ్న్‌హిల్ అనే, ఎవరికీ అంతగా తెలియని ఆవిడని చంపాడు. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫియోర్డ్, దాని అవతలి ఒడ్డున ఉండే ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒడ్వార్ రాసేది కథలని తెలియక, “ఈ ఏడు మాగ్న్‌హిల్ పోయింది” అని కొట్లో చెప్పుకుంటుంటే విని నిజమనుకున్నారు. ఇంటి ముందు జెండా సగానికి దించి, పరామర్శకి కేకు చేసి పట్టుకుని పడవెక్కి వచ్చారు. తలుపు తీసింది మాగ్న్‌హిలే. తెచ్చిన కేకు తిరిగి తీసుకెళ్ళడం మర్యాద కాదు గనుక ముగ్గురూ కూర్చుని తిన్నారు. ఆ తర్వాత ప్రతి శనివారం తింటూనే ఉన్నారు.

ఆరో పుస్తకం వచ్చింది. అందులో పోయినవాడు ఐవిన్. లోయ చివర, రోడ్డు ఆగిపోయేచోట ఒంటరిగా ఉండే ముసలాయన. బోర్గిల్‌కి ఒళ్ళు మండిపోయింది. నాలో లేనిది వాడిలో ఏముందో నా కళ్ళతో చూసి వస్తానని, ఈస్టర్ శనివారం బేకరీ మూసి కారెక్కింది.

ఐవిన్ వాకిట్లో నాలుగు కార్లున్నాయి. గోడకి మంచుమీద జారే స్కీలు ఆనించి ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ముసలాయన, పుస్తకాలు పట్టుకున్న జనం మధ్య, కట్టెల కొట్టం ముందు మంచులో బోర్లా పడుకుని ఉన్నాడు.

“చెయ్యి ఇలా ఉంటుంది” అంటున్నాడు. “కుడి చెయ్యి. నలభై రెండో పేజీ చూడండి.”

జనం పలచబడ్డాక బోర్గిల్‌కి కూడా కాఫీ పోశాడు. ఈ వారంలో పందొమ్మిదిసార్లు చచ్చానని, మొదట్లో కంటే ఇప్పుడు బాగా చస్తున్నానని చెప్పాడు. ఒడ్వార్ సంగతి ఎత్తితే ఆయన మొహం విప్పారింది.

“ఉత్తరం లేని రోజు కూడా వచ్చేవాడు. ‘ఇవాళ నీకేం లేదు ఐవిన్’ అని చెప్పడానికి. చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవాడు. ఆయన మానేశాక టపా కింద రోడ్డు పక్కన పెట్టెలో వేసి పోతున్నారు.”

బోర్గిల్ దిగి వచ్చి తిన్నగా ఒడ్వార్ ఇంటికే పోయింది. తిడదామని దారిపొడుగునా కూర్చుకున్న మాటలు గుమ్మంలోనే చెదిరిపోయాయి. చంపవలసినవాళ్ళని ఎలా ఎంచుతావని మాత్రం అడగగలిగింది.

“నీ బేకరీ తలుపు గంట రోజుకి ఎన్నిసార్లు మోగుతుంది?” అన్నాడు ఒడ్వార్.

“ఏమో. ఎవరు లెక్కపెట్టొచ్చారు?”

“ఐవిన్ లెక్కపెట్టాడు. నేను ఫారం పట్టుకెళ్ళే ముందటి శీతాకాలం మొత్తంలో ఆయన తలుపు నాలుగుసార్లు చప్పుడైందట. అందులో ఒకటి గాలి.”

బోర్గిల్‌కి సిగ్గేసింది. అదే లోయలో పుట్టి పెరిగి, ఆ రోడ్డు చివర ఇల్లుందన్న సంగతే మరిచిపోయిన మనిషి తను. కానీ సిగ్గు పడ్డంత మాత్రాన పంతం వదిలే రకం కాదు. చావడానికి నేను పనికిరాకపోతే చంపడానికైనా పనికొస్తానా అని అడిగింది.

ఒడ్వార్ సొరుగు తెరిచాడు. హంతకులకి వేరే ఫారం ఉంది. ఈ ఆరేళ్ళూ ఊళ్ళో ఎవరూ అడగకపోవడంతో కాగితాలు కొత్తగానే ఉన్నాయి. వచ్చే ఏడు పోవలసినావిడ ఓడలకి దారి చూపే దీపస్తంభం దగ్గర ఉంటుంది, పేరు ఓల్‌ఫ్రిద్, కుర్చీలోంచి లేచి తిరగలేదు, నోరు మహా చెడ్డది అని వివరంగా చెప్పాడు. బోర్గిల్ రెండు ప్రతులమీదా సంతకం గీకి, హత్య ఎప్పుడని అడిగింది.

“హత్య వచ్చే మార్చిలో” అన్నాడు ఒడ్వార్, తన ప్రతి మడిచి జేబులో పెట్టుకుంటూ. “కానీ ఆవిడ ఒక పట్టాన ఎవరినీ నమ్మదు. నువ్వు ఈ సోమవారం నుంచే వెళ్ళడం మొదలుపెట్టు.”