పచ్చగా ఉన్న ఒక్క తీగ

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా లోపల ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, టమాట ధర గురించి మాట్లాడి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు. కొంచెమే.

మాది పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. పేరు వద్దు. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆగిందని నేను మాత్రం ఒప్పుకోలేదు. మదనపల్లె మార్కెట్లో టమాట దించిన రోజున, వేలం ముగిసేదాకా అందరూ టీ అంగళ్ళ దగ్గర కూర్చుంటే, నేను లైబ్రరీకి పోయేవాణ్ణి. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ణి. ఒక్కో పేజీకి గంట పట్టేది. ఊళ్ళో నన్ను బుక్కప్ప అనేవాళ్ళు. ఎగతాళికే పెట్టారు ఆ పేరు. నాకు మాత్రం బిరుదులా వినిపించేది. అక్కడే మొదలైందేమో నా తప్పు? ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది.

ద్రాక్ష పెట్టాలన్న ఆలోచన మా ఊరికి తెచ్చింది నేను. కుప్పం వైపు, గుడుపల్లె దాటి ఒక తోట చూసి వచ్చి, అక్కడి కొమ్మలు తడి గోనెపట్టాలో చుట్టుకొని బస్సులో తెచ్చాను. నన్ను చూసి ఇంకో నలుగురు పెట్టారు. కూలి లేకుండా ఒకరి తోట పనికి ఒకరు పోవడం మా దగ్గర అలవాటు. కత్తిరింపు పని మాత్రం అందరికీ నేనే చేసేవాణ్ణి. బెంగళూరు నుంచి తెప్పించిన మంచి కత్తెర నా ఒక్కడి దగ్గరే ఉండేది. చిగురు వేసే కన్నుల్లో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని చెబుతూ, ఈ తోటలో ముగించి ఆ తోటకు, అదే కత్తెరతో, పంచెకు తుడుచుకుంటూ పోయేవాణ్ణి.

ఆ మరుసటి వానల్లో ఆకుల మీద మచ్చలు వచ్చాయి. మొదట మా తోటలో. ఆవగింజలంత నల్ల మచ్చలు, చుట్టూ పసుపు. తర్వాత మచ్చలు కలిసిపోయి ఆకు అంచులు మాడాయి. లేత కొమ్మలు నల్లగా పగిలాయి. గుత్తుల కాడలు ఎండాయి. నెల తిరక్కముందే అయిదు తోటల్లోనూ అదే. అందరూ నా దగ్గరికే వచ్చారు. ఇంకెవరి దగ్గరికి పోతారు?

నేను లైబ్రరీకి పోయాను. ద్రాక్ష సాగు మీద లావుపాటి పాత పుస్తకం ఒకటి ఉంది. చివర్లో ఉండే పదాల పట్టికలో ఆకు అంచులు మాడడం ఏ పేజీలో ఉందో వెతికి, నేరుగా ఆ పేజీ తీశాను. అక్కడ ఒక బాక్టీరియా జబ్బు గురించి ఉంది. తీగలో నీళ్ళు పారే గొట్టాల్లో అది చేరుతుందట. ఆకుల రసం పీల్చే దోమలాంటి పురుగు దాన్ని తీగ నుంచి తీగకు మోస్తుందట. కొన్ని మొండి తీగలు జబ్బును లోపల ఉంచుకొని కూడా పైకి పచ్చగా కనిపిస్తాయట. చదువుతుంటే నా ఒళ్ళు పులకరించింది. నిజం చెబుతున్నాను, తోటలు పోతున్నాయన్న బాధ కంటే, కనిపెట్టానన్న సంతోషమే ఎక్కువగా ఉండింది.

ఊరంతటికీ పురుగు మందు కొట్టించాను. పసుపు అట్టలకు జిగురు పూసి తోటల్లో కట్టించాను. వాటికి పచ్చదోమ కుప్పలుగా అతుక్కుంది. చూశారా అన్నాను. చూశారు. మచ్చలు మాత్రం ఆగలేదు. వాన పడిన ప్రతిసారీ ఇంకా పెరిగాయి. పురుగు చచ్చినా జబ్బు పోలేదంటే, అది ఎక్కడో దాక్కొని ఉండాలి. ఎక్కడ? పచ్చగా కనిపించే మొండి తీగలో. అలా లెక్క కట్టాను. నా పుస్తకం తప్పేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మునెమ్మక్క ఆవుల కొట్టం మా తోట కంచె పక్కనే. భర్త పోయినాక రెండు ఆవులు పెట్టుకొని పాలు పోసి బతికేది. ఆ కొట్టం మీదికి వాళ్ళ అత్త ఎప్పుడో పాకించిన ద్రాక్ష తీగ ఒకటి ఉండేది. ఏ రకమో ఎవరికీ తెలియదు. నల్లటి చిన్న కాయలు, లోపల గింజలు, నోట్లో పెట్టుకుంటే కళ్ళు మూసుకుపోయే పులుపు. మా తోట తీగలు కంచె దాటి దానితో పెనవేసుకున్నాయి. మావి మాడిపోయాయి. దాని మీద ఒక్క మచ్చ లేదు. ఊరంతా మాడుతుంటే అది పచ్చగా ఉండడమే నాకు నేరంగా కనిపించింది.

మునెమ్మక్క గురించి ఇంకో మాట చెప్పాలి. ఆమె హస్తవాసి మంచిదని మా ఊళ్ళో పేరు. ఎవరు టమాట నారు నాటినా, మొదటి మొక్క ఆమె చేత పెట్టించేవాళ్ళు. ఆమె వచ్చి కొంగు దోపుకొని, ఒక్క మొక్క పెట్టి, నీళ్ళు పోసి పోయేది. ఏమీ పుచ్చుకునేది కాదు. ఆమెకు ఉన్న గౌరవమంతా అదే.

ఒక పొద్దున ఆమె పాలు పితుకుతుంటే పోయాను. ఆ మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు.

"అక్కా, నీకొక మాట సెప్పాల."

"సెప్పప్పా. పుస్తకం మాటా, మన మాటా?" అని నవ్వింది.

"జబ్బు మాట. పురుగు యాడినుంచి తెస్తాండాదో కనుక్కున్నా."

"యాడినుంచి?"

నేను పైకి చూపించాను. ఆమె చెంబు పక్కన పెట్టి లేచింది.

"నా తీగా? దానికేమప్పా, దిట్టంగా ఉండాది. ఒక ఆకన్నా మాడలేదు సూడు."

"అదే అక్కా. దానికేమీ కాదు. జబ్బు లోపల పెట్టుకోనుండాది. పురుగు దీని రసం తాగి పోయి మా తోటల్లో కక్కుతాది."

ఆమె మునివేళ్ళ మీద లేచి ఒక ఆకును తిప్పి చూసింది.

"మా అత్త పెట్టిందిది. కడుపుతో ఉండే ఆడోళ్ళు ఈ పులుపు కోసరం పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తారు. నిజంగా పుస్తకంలో ఉండాదా?"

"ఉండాదక్కా. ఇంగ్లీషులో ఉండాది."

"ఇంగ్లీషులో ఉంటే ఇంగ నేనేం సెప్పేది." మళ్ళీ తనే అడిగింది. "ఇది కొట్టేస్తే మీ తోటలు బాగుపడతాయా?"

"పడతాయి."

"అట్లయితే నువ్వే కొట్టప్పా. నా చేత్తో నేను కొట్టలేను."

నేనే కొట్టాను. కొమ్మలన్నీ కుప్పపెట్టి కాల్చాను. ఆమె ఆవులను తోలుకొని గుట్టవైపు పోయింది. పొగ అణిగేదాకా రాలేదు.

మూడు వారాలకు ఒక పరిశోధన కేంద్రం నుంచి ఒకామె జీపులో వచ్చింది. మచ్చ ఉన్న ఆకును చిన్న ముక్కగా కోసి, నీటి చుక్కలో పెట్టి, పెట్టెలోంచి మైక్రోస్కోపు తీసి చూసింది. నన్నూ చూడమంది. కోసిన అంచు నుంచి పలచటి పొగలాంటిది నీళ్ళలోకి కారుతోంది. బాక్టీరియానే అంది. నేను గర్వంగా పురుగు సంగతి చెప్పాను. ఆమె ఓపికగా విని తల అడ్డంగా ఊపింది. మీరు చదివిన జబ్బు వేరే దేశాలది, ఇది వేరు అంది. దీన్ని పురుగు మోయదు. జబ్బు ఉన్న తోట నుంచి తెచ్చిన కొమ్మలతో వస్తుంది, వాన చినుకుతో చిందుతుంది, కత్తిరించే కత్తెరతో తోట నుంచి తోటకు పోతుంది. ప్రతి తీగకూ కత్తెర మందు నీళ్ళలో ముంచి తీశారా అని అడిగింది.

నా కత్తెర నా నడుముకే వేలాడుతోంది.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను. ఈ చుట్టుపక్కల జబ్బు తగలకుండా నిలిచిన తీగ ఒక్కటైనా ఉందా? పులుపైనా, గింజలున్నా, పనికిరాని కాయైనా ఫరవాలేదు. అలాంటిది దొరికితే మంచి రకంతో సంకరం చేసి, వచ్చిన మొక్కల్లో తట్టుకునేవి ఏరుకుంటూ పోతాం. ఏళ్ళు పడుతుంది, కానీ మందులతో కాని పని దానితో అవుతుంది అంది.

"లేదు మేడమ్," అన్నాను.

ఎంత చిన్న మాట. కత్తెర మాట విన్నది నేనొక్కణ్ణే; నలుగురు రైతులు అప్పుడే వచ్చి చుట్టూ నిలబడ్డారు. కొట్టేసిన తీగ గురించి ఆమె అడగలేదు కాబట్టి వాళ్ళకు తట్టలేదు. నాకు తట్టింది. అంతే కాదు, నాకు ఇంకొకటి కూడా తెలుసు. ముందురోజే చూశాను. కొట్టం వెనక, మునెమ్మక్క తీగ మొద్దు నుంచి రెండు చిగుళ్ళు వచ్చాయి. బెత్తెడు పొడవు. ఎర్రగా, లేతగా, మచ్చ లేకుండా.

తీగ కొట్టడం పొరపాటు. తెలియక చేశాను. దాన్ని ఎలాగో మోసేవాణ్ణి. ఆ తర్వాత చేసింది పొరపాటు కాదు. జీపు పోయిన సాయంత్రం, మునెమ్మక్క పాల కేంద్రానికి పోయిన సమయం చూసి, గడ్డపార తీసుకొని పోయాను. మొద్దును వేళ్ళతో సహా పెకలించాను. ఎందుకు? జీపులో వచ్చినామె మళ్ళీ వస్తే చూస్తుందని. బుక్కప్ప చెప్పింది తప్పని ఊరికి తెలుస్తుందని. కుప్పం నుంచి జబ్బు తెచ్చింది, తోట తోటకూ పంచింది నేనేనని తెలుస్తుందని. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. వెతికాను. లేదు.

నేను గుంత పూడుస్తుంటే మునెమ్మక్క వచ్చింది. మళ్ళీ మొలుస్తా ఉండాదక్కా, తీసేసినా అన్నాను. "నా కోసరం ఇంత కష్టపడితివే నాయనా" అని లోపలికి పోయి చెంబుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను.

లైబ్రరీకి మళ్ళీ పోయి ఆ పుస్తకం తీశాను. ఆ అధ్యాయం మొదటి పేజీలోనే ఉంది, ఈ జబ్బు మన దేశంలో కనిపించలేదని. నేను పట్టిక పట్టుకొని నాలుగో పేజీలో దిగాను. మూడు పేజీలు. మూడు గంటల పని.

ఒక్కోసారి నాకు నేనే ఒక లాయరును పెట్టుకుంటాను. ఆ తీగ నిజంగా జబ్బును తట్టుకునే రకమే అయి ఉండాలా? దాన్ని ఎవరూ కత్తిరించేవాళ్ళు కాదు. నా కత్తెర తగలలేదు కాబట్టి బతికిందేమో. కానీ మా జబ్బు తీగలు దాన్ని చుట్టుకొనే ఉన్నాయి, ఒకే వానలో తడిశాయి. ఏది నిజమో ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పలేకుండా చేసింది నేనే కదా.

ద్రాక్ష తోటలు ఒక్కొక్కటే పీకేశారు. ఇప్పుడు ఊరంతా టమాటే. కానీ తీగ కథ పోలేదు. ఊరి తోటలన్నీ మింగిన తీగ మునెమ్మదని జనం అన్నారు. ఒకడు ఆమె మొహం మీదే, "జబ్బును కోడిపిల్లను పెంచినట్ల పెంచితివి కదమ్మా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చెప్పు జారిందన్నట్టు కిందికి వంగాను. ఆ ఏడాది నారు నాటడానికి ఆమెను ఒక్కరు పిలిచారు. మరుసటి ఏడాది ఎవరూ పిలవలేదు. ఇప్పుడు నాట్లు పడే రోజుల్లో ఆమె పాల క్యాను ఎత్తుకొని చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతుంది. నాటేవాళ్ళకు ఎదురు రాకూడదని. ఎవరూ చెప్పలేదు ఆమెకు అలా పొమ్మని.

పోయిన నెల ధైర్యం చేశాను. మా చేలో నారు నాటుతున్నాము. నేనే ఆమె ఇంటికి పోయి, అక్కా, మొదటి మొక్క నువ్వే పెట్టాల అన్నాను. అప్పుడైనా చెప్పేస్తాననుకున్నాను. చేను దాకా నడిచే దారిలో చెబుదామని దారి కూడా లెక్క వేసుకున్నాను.

ఆమె వాకిట్లోనే నిలబడింది. రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది.

"వద్దప్పా. నా చేయి మంచిది కాదు. ఊరికి అంత కీడు చేసినా, నువ్వు ఒక్క మాట అనలేదు నన్ను. అది చాలు. మళ్ళీ నీ చేను ఎందుకు పాడు చేసేది?"

చెప్పాల్సిన మాట పళ్ళ దగ్గరిదాకా వచ్చి ఆగింది. సరే అక్కా అని వచ్చేశాను. మొదటి మొక్క ఎవరు పెట్టారో కూడా చూడలేదు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మునెమ్మక్క తీగలో జబ్బు లేదు. జబ్బు తెచ్చింది నేను, పంచింది నేను. చిగురు వేసిన మొద్దును తెలిసి తవ్వింది నేను. ఆమె చేతిలో ఏ కీడూ లేదు.

ఇది మీరు చదువుతారు. ఆమె చదవలేదు, ఆమెకు అక్షరం రాదు. బ్యాంకు కాగితమైనా, పింఛను కాగితమైనా, ఆమెకు వచ్చేవన్నీ చదివి చెప్పేది నేనే. ఇది కూడా నేనే చదివి వినిపించాలి. ఎప్పుడు వినిపిస్తానో తెలియదు. వినిపిస్తానో లేదో కూడా తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. నిన్నటిదాకా ఈ మాట నా ఒక్కడి దగ్గరే ఉండేది, నేను పోతే నాతో పోయేది. ఇప్పుడు అలా పోదు.