మా వీధి ఓటు

మా ఇంటి పక్క సందులో కొత్తగా ఇస్త్రీ అంగడి పెట్టారు. తెల్లవారగానే అంగడివాడు బియ్యపు గంజి కాచి, నూలు చీరలు అందులో ముంచి, గోడ పొడవునా కట్టిన తాడు మీద ఆరవేస్తాడు. మొదటి రోజు ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చినప్పుడు నేను కాఫీ లోటా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బెంగళూరు పేటలో నేను పుట్టిన నేతగాళ్ళ వీధి పొద్దున పూట అచ్చంగా ఇదే వాసన వేసేది. ఆ వాసన వెనకే నీలిరంగు వేళ్ళున్న ఒక మనిషి గుర్తుకు వచ్చాడు. ఆయన పేరు గురువప్ప. ఆయన గురించి రాయాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఆయన గురించి రాస్తే నా గురించి కూడా రాయాల్సి వస్తుంది. వాయిదాకు కారణం అదే.

గురువప్పగారికి పేటలో చిన్న రంగుల అంగడి ఉండేది. నూలుకు అద్దే రంగులు పొట్లాలు కట్టీ కట్టీ ఆయన వేళ్ళు గోళ్ళ దాకా నీలంగా మారిపోయాయి. ఎంత తోమినా పోయేవి కావు. మైసూరు సంస్థానంలో అప్పుడు ప్రజాప్రతినిధుల సభ ఒకటి దసరా సమయంలో మైసూరులో కూడేది. సభ్యులు తమ తమ ప్రాంతాల కష్టాలు అక్కడ సర్కారుకు చెప్పుకునేవారు. మా పేట తరఫున గురువప్పగారు సభ్యులు. అందుకే అందరూ ఆయన్ని మెంబరప్ప అనేవారు. ఇప్పటివాళ్ళు నమ్మరేమో గానీ ఆ రోజుల్లో ఓటు అందరికీ ఉండేది కాదు. పన్ను కట్టే ఆస్తిపరులకూ, పెద్ద చదువు చదివిన కొందరికీ మాత్రమే ఉండేది. మా వీధిలో మగ్గం లేని ఇల్లు లేదు. ఓటున్న మనిషి మాత్రం కాలేజీ చదువు ముగించిన నేనొక్కణ్ణే. మెంబరప్ప ఎవరి కోసం సర్కారు కచేరీల చుట్టూ తిరిగేవారో వాళ్ళకు ఆయన్ని గెలిపించే శక్తి లేదు. ఆయనకు కావలసిన ఓట్లు టోకు సరుకు అమ్మే మండీల యజమానుల దగ్గర, మేడలున్నవాళ్ళ దగ్గర ఉన్నాయి. అది తెలిసి కూడా ఆయన మా వీధికే వచ్చేవారు. మాకు కుళాయి వచ్చినా, రెండో ప్రపంచయుద్ధ కాలంలో నూలు కోటా దక్కినా ఆయన వల్లే.

నేను ఆయన దగ్గర రాతపని చేసేవాణ్ణి. సభకు పంపే విన్నపాలు కన్నడంలో రాసేవాణ్ణి. వాటిని పంపే ముందు ఆయన మా వీధి అరుగు మీద కూర్చుని, జనాన్ని పిలిచి, మొత్తం తెలుగులో చదివించేవారు. నాకు అది విసుగు. గబగబా చదివేస్తే ఆపేవారు. "నిదానంగా చదువప్పా. అది వాళ్ళ మాట. సరిగా ఉండాదో లేదో వాళ్ళకు తెలియాల," అనేవారు. ఒకసారి నేను 'దయతలచి' అని రాసిన చోట మా నాయన అడ్డుపడ్డాడు. మేము బిచ్చమెత్తినట్ల రాసినావే అన్నాడు. నేను కన్నడంలో మర్యాదలు వేరే అని వివరించబోతే మెంబరప్ప నవ్వి, "మీ నాయన చెప్పినట్ల కొట్టెయ్. మర్యాద నేను పోయి చేసుకుంటాలే," అన్నారు.

మగ్గం ఎరగనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. బట్టకు నిలువుగా ఉండే దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడవునా సాచి, కర్రల మీద నిలిపి, కుంచెలతో గంజి పట్టించి ఎండనివ్వాలి. అంత చోటు ఏ ఇంట్లో ఉంటుంది? మొదలుపెట్టాక మధ్యలో ఆపడానికి లేదు. తడిగా చుట్టేస్తే దారాలు అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. ఒక్క ఇంటివాళ్ళతో అయ్యే పని కూడా కాదు. ఎవరి పడుగు బయటికి వచ్చినా వీధి మొత్తం వచ్చి చేయి వేసేది. ఎవరూ ఎవరినీ పిలిచేవారు కారు. మా దగ్గర అది వాడుక.

యుద్ధం రోజుల్లో, వీధుల్లో పడుగులు సాచకూడదని ఉత్తర్వు వచ్చింది. దండు, అంటే కంటోన్మెంటు, వైపు పోయే మిలిటరీ లారీలకు అడ్డమని కారణం చూపారు. మా వీధిలోకి లారీ వచ్చింది ఎప్పుడూ లేదు. వచ్చేవి మండీ బండ్లు. పొద్దున్నే సరుకు దించుకోవడానికి మండీలవాళ్ళకు మా వీధి దగ్గరి దారి. అసలు సంగతి అదని అందరికీ తెలుసు. ఉత్తర్వులో మా పడుగును 'అడ్డంకి' అని రాశారు. ఆ మాట రాసిన దొర ఒంటి మీది బట్ట ఎక్కడ నుంచి వచ్చిందనుకున్నాడో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మా నాయన పడుగు సాచి ఉండగా ఉత్తర్వు అమలు చేయించే సర్కారు బంట్రోతు, ఒక డఫేదారు, కత్తితో వచ్చాడు. ఆర్డరప్పా, నేనేమి చేసేది అంటూనే నడిమధ్యలో కోశాడు. దారాలు రెండు వైపులకూ జారి దుమ్ములో పడ్డాయి. నాయన చేతిలో కుంచె అలాగే ఉంది, గంజి ఆయన పాదాల మీద కారుతోంది. "కోసేదానికి ఆర్డరు తెచ్చినావు. కట్టేదానికి ఎవురు తెస్తారప్పా?" అని మాత్రం అడిగాడు. కబురు విని మెంబరప్ప అంగడి వదిలేసి వచ్చారు. ఆయన కేకలు వేస్తారని ఎదురుచూశాం. ఆయన పంచె ఎగగట్టి కింద కూర్చుని, తెగిన దారాలు ఒక్కొక్కటే తీసి ముడివేయడం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి అందరూ కూర్చున్నారు. పొద్దు వాలే దాకా కట్టారు. తడి నూలు మీద ఆయన వేళ్ళు పడిన చోటల్లా నీలి మరకలు అయ్యాయి. ఆ పడుగుతో నేసిన బట్టను ఏ వర్తకుడూ కొనలేదు. నాయన దాన్ని ఇంట్లోనే దాచుకున్నాడు.

ఆ దసరాకు నేను ఆయన వెంట మైసూరు వెళ్ళాను. సభకు దర్బారు దుస్తులు వేసుకోవాలి: తెల్లటి పొడవు కోటు, తలకు సరిగ అంచు రుమాలు. ద్వారం దగ్గర ఒక అధికారి ఆయన చేతులు చూసి, ఇంకులో పడ్డారా అని హాస్యమాడాడు. "ఇంకు కాదు సామీ, నీలి. ఇంకైతే మీ కచేరీకి పోయినప్పుడే అంటుకొని ఉండును," అన్నారు మెంబరప్ప. ఆయన వంతు వచ్చినప్పుడు నేను వెనక నిలబడి విన్నాను. ఆయన కన్నడంలో అన్న మాట ఇది: ఈ సభలో మన తలల మీద ఉన్న ప్రతి రుమాలూ ఒకప్పుడు ఏదో ఒక వీధిలో పడుకుని లేచిందే, వీధి దానికి తగని చోటైతే మనం ఇవాళ బోడి తలలతో కూర్చోవలసింది. కొందరు నవ్వారు. కొందరు తెలియకుండానే తల తడుముకున్నారు. నెల తిరగకుండానే ఉత్తర్వు మారింది. పొద్దున ఎనిమిది దాకా వీధి నేతగాళ్ళది.

ఆ ఎనిమిది గంటల గడువే మండీలవాళ్ళకు కంట్లో నలుసు. తరువాతి ఎన్నికలో మండీ యజమాని కోదండరామయ్య పోటీకి దిగాడు. నన్ను పిలిపించి, పరుపు వేసిన దివాను మీద తన పక్కన కూర్చోబెట్టుకుని, కాఫీ ఇప్పించాడు. మా నాయన మీద, మా వీధి మీద ఒక్క చెడ్డ మాట అనలేదు. "చదువుకున్నోడివి. ఆ రంగుల చేతులాయన ఎనకాల ఎన్నాళ్ళు తిరుగుతావప్పా? నగరసభలో గుమాస్తా పని ఉండాది. ఓటు పెట్టెలో ఎవురు తొంగి చూస్తారు?" అన్నాడు. నేను కాదనలేదు. అవుననలేదు కూడా. అనకపోవడమే నిజాయితీ అనుకున్నాను. అంత తెలివి ఉండేది నాకు.

ఓటింగు రోజు నేను లేచేసరికి వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. మగవాళ్ళంతా ఉతికిన పంచెలు కట్టుకుని మా వాకిట్లో నిలబడి ఉన్నారు. ఓటు లేనివాళ్ళు ఎందుకు వచ్చారో మొదట నాకు తట్టలేదు. నన్ను తీసుకుని వెళ్ళడానికి వచ్చారు. పడుగు బయటికి వస్తే వచ్చినట్టే, పిలవకుండా వచ్చారు. నాయన ఎవరూ కొనని ఆ నీలి మరకల బట్టను తలకు రుమాలుగా చుట్టుకున్నాడు. ఓటింగు జరిగే బడి గుమ్మం దగ్గర ఒక పోలీసు, ఓటు లేనివాళ్ళు లోపలికి రాకూడదని మావాళ్ళను ఆపేశాడు. వాళ్ళు గోడ పక్కన వరుసగా నిలబడ్డారు. నాయన నా భుజం తట్టి, "పో అప్పా, బీది ఓటు ఏసేసి రా," అన్నాడు. ఆయన అన్నది బీది ఓటు, అంటే వీధి ఓటు అని, నీ ఓటు అని కాదు. లోపలికి వెళ్ళి నేను కోదండరామయ్యకు వేశాను. బయటికి వచ్చేసరికి అందరూ నా ముఖం చూస్తున్నారు. నేను నవ్వాను.

మెంబరప్ప ఓడిపోయారు. నా ఒక్క ఓటు వల్ల కాదు, చాలా తేడాతో ఓడిపోయారు. ఆ తేడానే చాలా ఏళ్ళు నాకు నేను సాకుగా చెప్పుకున్నాను. ఆయనకు ఎదురు తిరిగిన ఆస్తిపరులు కనీసం తమ ఓట్లు తాము వేసుకున్నారు. నేను వేసింది నాది కాదు. ఆ వరుసలో నిలబడ్డవాళ్ళందరిదీ తీసుకుపోయి అమ్ముకున్నాను.

నగరసభలో, అంటే మునిసిపాలిటీలో, గుమాస్తా పని వచ్చింది. కొద్ది కాలానికే పాత ఉత్తర్వు కూడా తిరిగి వచ్చింది. వీధి వీధికీ డప్పు వేయించి దాన్ని చదివి వినిపించమన్నారు. తెలుగు వచ్చిన గుమాస్తాను నేనే. మా వీధి మొదట్లో నిలబడి తల ఎత్తకుండా గబగబా చదువుతున్నాను. నాయన మా గడపలో నిలబడి ఉన్నాడు. జనం వెనక నుంచి తెలిసిన గొంతు వినపడింది. "నిదానంగా చదువప్పా. వాళ్ళకు ఏమి పోయిందో వాళ్ళకు తెలియాల." ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. అరుగు మీద చెప్పినట్టే చెప్పారు. నేను మొదటికి వెళ్ళి మళ్ళీ చదివాను, ఒక్కొక్క మాటా. చివరి దాకా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని విన్నారు. నా ఓటు సంగతి ఆయనకు తెలుసా లేదా అని అడిగే ధైర్యం నాకు ఆ తరువాత ఎప్పుడూ రాలేదు. నాయనకు తెలియదు. ఆయన పోయినప్పుడు ఆ నీలి మరకల బట్టే కప్పాం. వీధి ఓటు వీధి మనిషికే పడిందన్న నమ్మకంతో ఆయన వెళ్ళిపోయాడు.

ఒకసారి పాత సభా నివేదికలు తిరగేశాను. రుమాళ్ళ మాట అందులో లేదు. నేతపనివారి ఇబ్బందులను ఒక సభ్యుడు ప్రస్తావించాడని ఉంది, అంతే. పేటలో కోదండరామయ్య పేరుతో ఒక వీధి ఉంది, గురువప్పగారి పేరుతో ఏదీ లేదు. మా వీధిలో ఇప్పుడు మగ్గాలు లేవు. పగలంతా, రాత్రంతా స్కూటర్లు, వ్యానులు రెండు వైపులా నిలబడి ఉంటాయి. వాటిని ఎవరూ అడ్డంకి అనరు. వాటి దగ్గరికి కత్తి పట్టుకుని ఎవరూ రారు.

మొన్న ఇస్త్రీ అంగడివాడి భార్య ఒక నోటీసు తెచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తారట, అంగడి తీసేయాలట. ఏమంటాండారో తొందరగా చెప్పు సామీ అంది. నేను ఆమెను కూర్చోమని, మొదటి నుంచి ఒక్కొక్క మాటా నిదానంగా చదివాను. ఆమె రెండుసార్లు ఆపించి మళ్ళీ చదివించుకుంది. విన్న తరువాత "దీన్ని ఎవురితో చెప్పుకోవాల?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు మా వీధిలో ఒకప్పుడు ఒక పేరు ఉండేది. ఆ పేరు లేకుండా చేసినవాళ్ళలో నేనొకణ్ణి. నేను చెప్పులు తొడుక్కుని, నోటీసు పంపిన కచేరీకి ఆమె వెంట బయలుదేరాను.