మోగని హూటర్

"అలారం సకాలంలో వెళ్లింది, మా పరికరంలో లోపం లేదు." నేను రాసిన మెయిల్ ఇంతే. టీ చల్లారేలోపు రాసి పంపేసి, ఆ సంగతే మరిచిపోయాను.

మా ఆఫీసు పటాన్‌చెరులో, బేరింగుల దుకాణం పైన. ఫ్యాక్టరీల్లో వేడిని కొలిచి అలారం పంపే పెట్టెలు తయారుచేస్తాం. వాటిలో నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మాదే. అందులో నెట్‌వర్క్ భాగం, అంటే తీగ మీద వచ్చే ప్యాకెట్లను విప్పి, సరిచూసి, లోపలికి పంపే కోడ్, నేను రాసింది. దాన్ని ఎవరైనా ఒక మాట అంటే ఊరుకునేదాన్ని కాదు.

బొంతపల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ వేడెక్కి బ్యాచ్ పాడైంది. డ్యూటీలో ఉన్న ఆపరేటర్ రౌండుకు వెళ్లినప్పుడు గమనించి, చల్లనీళ్ల వాల్వు తిప్పాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రియాక్టర్ దగ్గరి పెట్టె లాగులో, అంటే అది తన పనులన్నీ రాసుకునే చిట్టాలో, అంతకు చాలాముందే అలారం పంపినట్టు ఉంది. పంపితే కంట్రోల్ రూములో ఉన్న మా ఇంకో పెట్టె దాన్ని అందుకుని హూటర్ మోగించాలి. మోగితే ఈయన ఎందుకు కదల్లేదు? నిద్రపోయాడన్నారు ఫ్యాక్టరీవాళ్లు. మోగనే లేదని ఆయన అన్నాడు. మమ్మల్ని అడిగితే నేను లాగు చూసి ఆ మెయిల్ పంపాను.

విచారణ రోజు పొద్దున ఆయనే చిట్కుల్ నుంచి షేర్ ఆటోలో మా ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, మూడు గంటలకు ఎంక్వైరీ ఉన్నది. మీ కాయితం సూపిచ్చి నన్ను తీసేస్తరంట."

"మీరు పండుకున్నరని నేను రాయలేదన్నా," అన్నాను. ఆయన ఆ మాట అననే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

"పంపిన డబ్బాను అడిగిండ్రు మేడం. హూటర్ డబ్బాను అడిగిండ్రా?"

ఒళ్లు మండింది. అడగలేదు మరి. ఉత్తరం అందిందా అంటే రాసినవాణ్ని అడిగి, అందిందని తేల్చేశాను.

పదకొండింటికల్లా ఫ్యాక్టరీలో ఉన్నాను. హూటర్ పెట్టెకు వెళ్లే తీగకు ల్యాప్‌టాప్ కలిపి, రియాక్టర్ పెట్టె నుంచి ఉత్తుత్తి అలారం పంపించాను. ప్యాకెట్ నా కళ్ల ముందే వచ్చింది. హూటర్ మోగలేదు. మళ్లీ పంపాను. మోగలేదు. అదే తీగ మీద వేడి రీడింగులు మాత్రం ఎప్పటిలాగే వచ్చి తెర మీద మారుతున్నాయి.

రెండు రకాల ప్యాకెట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. రీడింగులది పొడుగు, అలారానిది పొట్టి. తీగ మీద అరవై బైట్లకు తక్కువ పంపకూడదు, తక్కువైతే చివర ఉత్త బైట్లు నింపుతారు. విప్పేటప్పుడు ఆ నింపుడు తీసేసి, అసలు సమాచారాన్నే కూడి, పంపిన పెట్టె రాసిన మొత్తంతో సరిచూడాలి. నా కోడ్ నింపుడును కూడా కలిపి కూడుతోంది. కొరియర్ డబ్బాలో గాజు సామాను కదలకుండా కుక్కిన పాత పేపర్లను సామానుతో కలిపి తూచినట్టు. ఇన్నాళ్లూ నింపినవి సున్నాలు కాబట్టి కూడిక మారలేదు. నెల కిందట రియాక్టర్ పెట్టెలో నెట్‌వర్క్ కార్డు మార్చారు. కొత్త కార్డు చెత్త నింపుతోంది. కూడిక తప్పడంతో నా కోడ్ అలారాన్ని పారేస్తోంది.

పారేసినప్పుడు లాగులో ఒక ముక్క రాయాలి కదా? రాసేది. ఊరికే లాగు నిండిపోతోందని విసుక్కుని, ఆ వరుసను నేనే తీసేశాను. అంత తెలివిగలదాన్ని.

దిద్దడానికి రెండు వరుసలు చాలాయి. అప్పటికి రెండుంబావు. మా బాస్‌కు ఫోన్ చేశాను.

"అప్‌డేట్ ఎక్కించి వచ్చెయ్. ఎంక్వైరీ వాళ్ల లొల్లి, మనకెందుకు?"

"నా మెయిల్ మీదనే నడుస్తుంది సార్."

"నీ మెయిల్ల తప్పేమున్నది? పంపినట్టు లాగుల ఉన్నది కద."

ఉద్యోగం పోతుందని భయం వేసింది. వేయలేదంటే అబద్ధమే. ఏం చేస్తానో ఆయనకు చెప్పకుండానే ఫోన్ పెట్టేసి విచారణ గదిలోకి నడిచాను.

బల్ల వెనక ప్రొడక్షన్ మేనేజరు, ఇంకో ఇద్దరు. ఆపరేటర్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నా మెయిల్ తప్పని, తప్పు నా కోడ్‌దని చెప్పాను. మేనేజరు నమ్మలేదు, చూపించమన్నాడు. అందరం కంట్రోల్ రూముకు వెళ్లాం. ముందు పాత కోడ్‌తోనే అలారం పంపాను. హూటర్ ఉలకలేదు, పలకలేదు. కొత్తది హూటర్ పెట్టెలో ఎక్కించి, అది మళ్లీ మొదలయ్యేదాకా ఆగి, ఇంకోసారి పంపాను.

గదంతా దద్దరిల్లేలా మోగింది. మేమందరం తెర వైపు చూశాం. వెనక తలుపు కొట్టుకున్న చప్పుడైంది. తిరిగి చూస్తే ఆపరేటర్ లేడు.

కాసేపటికి రొప్పుతూ వచ్చాడు.

"టెస్టింగే కదనయ్యా," అన్నాడు మేనేజరు.

"తెల్సు సార్. అయినా గేజ్ సూసొచ్చిన. బరాబరే ఉన్నది."

మేనేజరు చేతిలో ఫైలు మూసేసి, ఎంక్వైరీ అయిపోయింది, డ్యూటీకి పొమ్మన్నట్టు తలాడించాడు. నేను ఆపరేటర్ దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనన్నా అన్నాను. పోనీలే మేడం అంటాడనుకున్నాను. అనలేదు. ఏదో ఆలోచిస్తూ హూటర్ వైపే చూస్తున్నాడు.

"కార్డు మార్చి నెలాయె గద మేడం. అంటే నెల సంది, మూడు షిఫ్టులల్ల ఎవలున్నా, రియాక్టర్ ఎంత వేడెక్కినా, అది మోగకపోతుండె గదా?"

"మోగకపోతుండె అన్నా," అన్నాను.

పొద్దున్నుంచీ నిలబడే ఉన్న మనిషి, గోడకు ఆనుకుని మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు.