నాలుగు గుంతల గుడ్ల పెనం

నూనె లేకుండా గుడ్డు తినాలని పట్టుబట్టి, ఆదోనిలో మూడు అంగళ్లు తిరిగి ఆ పెనం కొన్నాను. అడుగున నీళ్లు పోయాలి, పైన నాలుగు గుంతలు, వాటిమీద గాజు మూత. గుంతలు విడిగా ఊడివస్తాయా, పిడి కాలుతుందా అని అంగడాయన విసుక్కునేదాకా అడిగాను.

ఎమ్మిగనూరులో మా ఇంట్లో మొదటి రోజు గుడ్లు పచ్చసొన చెదరకుండా మెత్తగా వచ్చాయి. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. మరునాడు బడి నుంచి వచ్చేసరికి మా అత్త ఆ గుంతల్లో పొంగనాల పిండి పోసి కూర్చుంది. ఆవిరికి అవి ఇడ్లీల్లా తెల్లగా ఉబ్బాయి.

"కింద నీళ్లు పెడితే ఎర్రగా యాడ కాలుతాయి? అయినా ఆరుమందికి నాలుగు గుంతలు యాడ సాలుతాయమ్మా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "అది గుడ్లకే అత్తా!" అన్నాను.

ఆమె తన ఏడు గుంతల ఇనుప పెనం పొయ్యిమీద పెట్టింది. గుంతకు చెంచాడు నీళ్లు పోసి, గుడ్లు కొట్టి, నా గాజు మూత పెట్టింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది. ఏళ్లుగా నూనె తాగిన పెనం కదా, ఒక్క గుడ్డూ అంటుకోలేదు. "కోపం తగ్గుతాది, తిను" అని ఏడోది కూడా నా పళ్లెంలోనే వేసింది.

ఇప్పుడు రోజూ అంతే. ఆదోని అంతా తిరిగి నేను కొనుక్కొచ్చింది, తీరా చూస్తే, ఒక మూత.